పిండి మొసలి

బల్లగుడ్డ మూడో మడత దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీపెట్టె మళ్ళీ చల్లారిపోయింది. సెల్సా దాన్ని నిలబెట్టి, ఎర్రదీపం ఆరేదాకా ఆగుతూ, అరచేత్తో గుడ్డను అటూ ఇటూ నిమిరింది. అక్క నిమియా ఇంట్లో ఉన్నది పేరుకే ఇస్త్రీపెట్టె. చేతిలో ఉన్నా లేనట్టే ఉంటుంది. గుడ్డ మీద అది నడవదు, తేలుతుంది. దానికి లేని బరువేదో సెల్సా తన భుజంలోంచే తీసి పెట్టాల్సి వస్తోంది.

పెట్టక ఏం చేస్తుంది? పాతికేళ్ళ పైబడి ఇదే పని. బ్యూనస్ ఐరిస్‌లో ఒక చిన్న లాండ్రీ వెనకగదిలో, కిటికీ లేని గోడకు ఎదురుగా నిలబడి, ఎవరివో చొక్కాలు, ఎవరివో దుప్పట్లు, ఎవరి పెళ్ళికో పరిచే బల్లగుడ్డలు. అలా నిలబడీ నిలబడీ ఆమె కుడిభుజం ఎడమదానికన్నా కొంచెం కిందికి దిగింది. కుడి ముంజేతి లోపలివైపు ఆవిరి తగిలి తగిలి చర్మం నున్నగా, నూగన్నది లేకుండా మెరుస్తుంది. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. జుట్టుకు రంగు వేస్తుంది కానీ పాపిట దగ్గర తెల్లదనం దాగదు. ముందుపళ్ళ మధ్య సందు మాత్రం చిన్నప్పటిదే. నవ్వితే అందులోంచి ఇప్పటికీ కాస్త అల్లరి కనిపిస్తుంది. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. చూడాలని ఆమె కూడా ఏనాడూ అనుకోలేదు.

ఆమె అనుకుంటున్నది వేరే ఉంది. దాని గుట్టంతా మంచం కింద, బ్యాగులో, తువ్వాలు చుట్టుకుని ఉంది.

అది ఆమె సొంత ఇస్త్రీపెట్టె. పాతకాలపు ఇనుముది. నల్ల చెక్కపిడి, గుడ్డ తొడుగున్న తీగ. పోయిన కార్నివాల్ వెళ్ళాక లాండ్రీ ముసలి యజమాని షట్టరు దించేస్తూ, "ఇది నువ్వే ఉంచుకో సెల్సా. నీ చెయ్యి పడీ పడీ పిడి కూడా నీ వేళ్ళలాగే అరిగింది" అని చేతిలో పెట్టాడు. అంటే కొట్టు మూసేశారన్నమాట. ఆ సంగతి ఇక్కడ, పరాగ్వాయ్‌లోని అసున్సియోన్‌లో ఎవరికీ తెలియదు. సోమవారం బస్టాండులో అక్క కొడుకు దెర్లిస్ బ్యాగు ఎత్తబోయి, "ఓరి నాయనో! ఏంటి పిన్నీ, ఆ ఊళ్ళో రాళ్ళన్నీ ఏరుకొచ్చావా?" అని అరిచాడు. "బూట్లురా" అంది సెల్సా. పచ్చి అబద్ధం.

నాలుగు రోజులు పండక్కి చుట్టపుచూపుగా వచ్చే మనిషి ఎవరైనా ఇస్త్రీపెట్టె మోసుకొస్తుందా? రాదు. అందుకే సెల్సా దాన్ని బయటికి తియ్యలేదు. తిరుగు టికెట్టు కూడా కొనలేదు. ఆ మాటా చెప్పలేదు.

"అక్కా, నేనిక్కడే ఉండిపోతాను." ఇంతే చెప్పాల్సింది. సోమవారం చెబుదామనుకుంది, నోరు పెగల్లేదు. మంగళవారం అక్క పెరట్లో బట్టలారేస్తుంటే క్లిప్పులు అందిస్తూ చెబుదామనుకుంది, క్లిప్పులన్నీ అయిపోయాయి కానీ మాట బయటికి రాలేదు. ఏ మొహంతో అడుగుతుంది మరి? అమ్మ బ్రిహిదా మంచాన పడ్డన్నాళ్ళూ ఎత్తి కూర్చోబెట్టింది అక్క, ఒళ్ళు తుడిచింది అక్క, గంజి పట్టింది అక్క. తను ఫోనులో ఏడ్చింది, అంతే. అలాంటి మనిషి ఇప్పుడొచ్చి అమ్మ గది నాకివ్వు అంటే ఎంత సిగ్గులేనితనం! కానీ ఈ ఊళ్ళో, ఈ సహోనియా పేటలో, నది మీంచి వచ్చే ఈ తడిగాలిలో, ఈ మడతమంచం మీద రెండు రాత్రులు పడుకుంటే ఆమె కాళ్ళ వాపు దిగిపోయింది. నిజంగానే దిగిపోయింది. పొద్దున్నే లేచి పాదాలు చూసుకుని నమ్మలేకపోయింది.

అందుకని ఆమె తనతో తాను ఒక పందెం వేసుకుంది. యాభయ్యేడేళ్ళ మనిషి వేసుకోవాల్సిన పందెం కాదు. అయినా వేసుకుంది.

ఈస్టరుకి ముందొచ్చే పవిత్రవారంలో బుధవారం నాడు ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చిపా కాలుస్తారు. శుక్రవారం పొయ్యి వెలిగించకూడదు కాబట్టి అన్ని రోజులకూ సరిపడా రొట్టె ఆ రోజే. ఈ ఇంట్లో దానికి తోడు బ్రిహిదా పెట్టిన రివాజు ఒకటుంది. ఇంట్లో ఉండేవాళ్ళకి బొమ్మలు, ఊరెళ్ళేవాళ్ళకి ఉంగరాలు. ఉంగరం చిపాకి మధ్యలో రంధ్రం ఉంటుంది, తాడుకి గుచ్చి దారికిస్తారు. బొమ్మ అలా కాదు, ఎవరి బొమ్మ వారిది. నిమియాది పావురం. సెల్సాది మొసలి, ఎందుకంటే పసితనంలో ఊరంతా వినపడేలా నోరు తెరిచి ఏడ్చేది. సెల్సా పొట్టకూటికి బ్యూనస్ ఐరిస్ వెళ్ళాక కూడా బ్రిహిదా ప్రతి ఏడూ ఆ బుధవారం మొసలి చేస్తూనే ఉంది. కూతురు రాలేని ఏడు దాన్ని రేకుడబ్బాలో పెట్టి, అది రాయిలా ఎండిపోయేదాకా దాచేది. "అది ఊరెళ్ళలేదు, పనికెళ్ళింది" అని ఇరుగుపొరుగుతో వాదించేది. ఆమె పోయాక పిండి ముద్దలు నిమియా చేతికొచ్చాయి. అప్పట్నుంచి సెల్సాకి ఉంగరాలే.

ఈసారి అక్క మొసలి చేస్తే అడుగుతాను. ఉంగరాలే చేస్తే నోరు మూసుకుంటాను. అదీ పందెం.

ఎర్రదీపం ఆరింది. సెల్సా ఆఖరి మడత వేసి, గుడ్డను చంకలో పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

వంటింట్లో పెద్ద చెక్కతొట్టిలో నిమియా పందికొవ్వును చేత్తో గిలకొడుతోంది. అది తెల్లగా నురగలాగా తేలాక గుడ్లు పడతాయి, తర్వాత చిదిమిన చీజ్, సోంపు, ఉప్పు నీళ్ళు, ఆపైన కర్రపెండలం పిండి. నిమియా సెల్సాకన్నా ఆరేళ్ళు పెద్దది. మనిషి వెడల్పు. మోచేతుల దాకా పిండి. వేళ్ళ కణుపులు అచ్చం తల్లివే. మాటకీ మాటకీ మధ్య "ఊఁ" అనడం కూడా తల్లిదే. ఆమె కోడలు, దెర్లిస్ భార్య మిర్తా గుమ్మంలో చంటిపిల్లని చంకనేసుకుని నిలబడి ఉంది. పిల్ల పేరు అరామీ, ఇంకా పళ్ళు రాలేదు.

"అప్పుడే ఇస్త్రీ చేసేశావా? పండక్కొచ్చి కూడా పనేనా నీకు, ఊఁ?" అంది నిమియా తలెత్తకుండా.

"చెయ్యకపోతే చేతులు దురద పెడతాయక్కా."

"అయితే ఇటు రా. ఈ చీజ్ చిదుము. దురద తీరుతుంది."

దెర్లిస్ పెరట్లోంచి తెరెరే గిన్నె పట్టుకొచ్చాడు. ఐసుముక్కలు గలగలమంటున్న చల్లటి ఆకునీళ్ళు. గొట్టంతో ఒక్కొక్కరూ పీల్చి గిన్నె తిరిగి అతనికే ఇచ్చారు. సెల్సా వంతు వచ్చేసరికి చెయ్యి అడ్డుపెట్టింది. "ఐసు లేకుండా ఇవ్వరా, పళ్ళు జివ్వుమంటున్నాయి."

"అమ్మా, విన్నావా? ఐసు వద్దట! పిన్ని పూర్తిగా కురెపీ అయిపోయింది!"

కురెపీ అంటే పందితోలు. అర్జెంటీనా వాళ్ళని ఈ ఊరు ముద్దుగానూ కోపంగానూ పిలిచే పేరు. అందరూ నవ్వారు. సెల్సా కూడా పళ్ళసందు కనిపించేలా నవ్వింది. ఆ ఊళ్ళో ఆమెని ఇన్నేళ్ళూ 'పరాగ్వాయ్‌ది' అనే పిలిచారు. పేరు పెట్టి పిలిచింది లాండ్రీ ముసలాయన ఒక్కడే. అక్కడ ఈ ఊరిది, ఇక్కడ ఆ ఊరిది. ఆ నవ్వు అయిపోయాక ఆమె ఐసు తియ్యకుండానే గిన్నెడూ పీల్చేసింది. పళ్ళు జివ్వుమన్నాయి.

గోడవతల నుంచి పక్కింటి పెత్రోనా తల పైకి లేచింది. ఆమె కూడా వీళ్ళ పెరటి పొయ్యిలోనే తన వంతు కాల్చుకుంటుంది, అందుకని పొద్దున్నుంచీ పొగ కోసం కాచుకుని కూర్చుంది. "ఏమే సెల్సా! ఎప్పుడొచ్చావ్?"

"సోమవారం వదినా."

"ఎప్పుడెళ్తున్నావ్?"

చూడండి, ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వరు. సెల్సా చీజ్ ముక్కని వేళ్ళ మధ్య పొడిపొడి చేస్తూ, "చూడాలి" అంది.

"ఏం చూడటం! మీలాంటివాళ్ళకి అక్కడ బాగా అలవాటైపోయింది. ఇక్కడి ఎండ మీరు తట్టుకోలేరులే" అంది పెత్రోనా. తల గోడ కిందికి దిగిపోయింది.

నిమియా అప్పుడు చెల్లెలి వైపు ఒక చూపు చూసింది. ఏదో అడగబోయినట్టే అనిపించింది. కానీ పిండి తొట్టిలో పడింది, పాలు పొయ్యాలి, ఆగితే ఉండలు కడుతుంది. "పొయ్యవే, సన్నగా పొయ్యి" అంది. సెల్సా సన్నగా పోసింది.

పెరట్లో జామచెట్టు పక్కన తతాకువా ఉంది. ఇటుకలు, మట్టి కలిపి తాత కట్టిన పొయ్యి. బోర్లించిన పెద్ద కుండలా ఉంటుంది. ముందు ఒక నోరు, వెనక పిడికిలంత కన్నం. లోపల కట్టెలు మండుతున్నంతసేపూ ఆ కన్నంలోంచి పొగ పోతుంది. నిప్పులు ఊడ్చేసి, రొట్టెలు లోపల పెట్టాక, ముందు పలక, వెనక ఇటుక. రెండూ మూసేస్తేనే వేడి లోపల నిలబడుతుంది. పొయ్యి ఊడ్చేది మగవాళ్ళు, వేడి చూసేది ఇంటిపెద్ద, వెనక కన్నం మూసేది ఇంట్లో ఆఖరిది. బ్రిహిదా ఉన్నన్నాళ్ళూ "సెల్సా! వెనక కన్నం!" అన్న కేక లేకుండా చిపా కాలలేదు.

ఇప్పుడు జామచెట్టు కింద బల్ల వేసి, అరటాకులు పరిచి, అక్కచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. సెల్సా పిండిని తాళ్ళుగా పేని ఇస్తోంది. నిమియా వాటిని చుట్టి ఉంగరాలు చేస్తోంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. బల్ల ఒకవైపంతా ఉంగరాలతో నిండిపోయింది. మధ్యలో తనకి పావురం చేసుకుంది, ముక్కు వంకరగా. దెర్లిస్‌కి తాబేలు, మిర్తాకి జడ. ఆ తర్వాత మళ్ళీ ఉంగరాలు.

సెల్సా తాళ్ళు పేనుతూనే ఉంది. సన్నగా, సమంగా, ఒక్క చోట కూడా లావూ సన్నమూ లేకుండా. కళ్ళు మాత్రం అక్క వేళ్ళని వదల్లేదు.

తొట్టిలో చివర ఒక ముద్ద మిగిలింది. నిమియా దాన్ని ఎత్తి, రెండు చేతుల మధ్య పొడుగ్గా సాగదీసింది. ఒక చివర సన్నబరిచి తోక చేసింది. ఇంకో చివర కత్తెరతో చీల్చి నోరు తెరిచింది. వీపు మీద కత్తెర మొనతో టకటకా కత్తిరించుకుంటూ పోతే ముళ్ళు లేచాయి. రెండు సోంపు గింజలు తీసి కళ్ళు పెట్టింది.

మొసలి!

సెల్సా చేతులకంటిన పిండి దులుపుకుంది. బల్ల అంచు పట్టుకుంది. చెప్పేయాలి, ఇప్పుడే, ఈ నిమిషమే. "అక్కా" అంది.

"ఊఁ?"

"ఈ మొసలి..."

"బాగొచ్చిందా? అమ్మ చేసే తోక వంకర నాకు రాదే. ఎంత తిప్పినా కర్రలాగే ఉంటుంది." నిమియా తల పక్కకి వాల్చి చూసుకుని మురిసిపోయింది. "అరామీకి మొదటి పండగ కదా. ఇది కూడా నోరు తెరిచిందంటే వీధి చివరికి వినపడాలి, అచ్చం నీ పోలికే. అందుకని నీ మొసలి దీనికిచ్చేశా. నువ్వెలాగూ ఊళ్ళో ఉండవు, నీ గుర్తైనా ఇంట్లో ఉంటుంది."

మిర్తా పిల్లని ఎత్తి చూపించింది. "చూడు తల్లీ, నీ మొసలి! పిన్నీ, పండగ వెళ్ళగానే అమ్మమ్మ గదికి పసుపు రంగేస్తానంటున్నారు ఈయన. ఉయ్యాల అక్కడే. మడతమంచం ఎటూ తీసేస్తాం."

పిల్ల చేతులు చాచింది. నిజంగానే నోరు తెరిచింది.

"బాగుందక్కా" అంది సెల్సా. "చాలా బాగుంది." అని, ఖాళీగా ఉన్న అరటాకుని అరచేత్తో నిమరడం మొదలుపెట్టింది. ఈనె విరిగేదాకా నిమిరింది.

అక్క మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ప్రేమగానే ఇచ్చింది. ఇచ్చేముందు అడగలేదు, అంతే. అడగడానికి తనెక్కడుంది?

దెర్లిస్ పచ్చికొమ్మల చీపురుతో నిప్పులు బయటికి లాగేశాడు. నిమియా చిటికెడు పిండి లోపలికి విసిరి చూసింది. మెల్లగా బంగారు రంగు తిరిగింది, మాడలేదు. "సరిపోయింది, అందివ్వండి!" అంది. చెక్కపార మీద ఆకుతో సహా ఒక్కొక్కటీ లోపలికి పోయాయి. మొసలిని అన్నిటికన్నా ముందు, లోపలికల్లా తోసింది. అక్కడ వేడి ఒద్దికగా ఉంటుందని. తర్వాత బొమ్మలు, ఉంగరాలు. దెర్లిస్ పలక ఎత్తి నోటికి ఆనించి తడిగోనె కప్పాడు.

"సెల్సా! వెనక కన్నం!"

అచ్చం అమ్మ కేకే. సెల్సా తడిగోనె చుట్టిన ఇటుక తీసుకుని పొయ్యి వెనక్కి వెళ్ళింది.

అక్కడ పొయ్యికీ గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. రాలిన జామపళ్ళు కాళ్ళ కింద చితికి తియ్యటి పులుపు వాసన. చిన్నప్పుడు అలిగినప్పుడల్లా వచ్చి కూర్చునే చోటు. ఇక్కడే ఒకసారి పొద్దుగూకేదాకా ఏడిస్తే అమ్మ వచ్చి ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. సెల్సా ఇటుకని గోడ మీద పెట్టింది, రెండు చేతులతో మొహం కప్పుకుందామని. కప్పుకుంది. కన్నంలోంచి వస్తున్న వేడి మోకాళ్ళకి తగులుతోంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ వేడి! లాండ్రీలో ఇన్నేళ్ళ వేడి ఒక్కనాడూ ఇలా లేదు. అలా ఎంతసేపు నిలబడిందో తెలియదు. ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినిపించింది. "పిన్నీ, ఒక్కసారి దీన్ని ఎత్తుకుంటావా?" అని మిర్తా పిలిచింది. సెల్సా ఆప్రాన్ అంచుతో కళ్ళు తుడుచుకుని పరుగెత్తింది.

పిల్లని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, నిద్రపుచ్చింది. పిల్ల తల దగ్గర పాలవాసన. ఆ గదిలోనే, ఆ మడతమంచం పక్కనే, అటూ ఇటూ తిరిగింది. ఇటుక ఆమెకి గుర్తే రాలేదు.

పెరట్లో ముందుగా పసిగట్టింది నిమియా. "ఏంటిరా, వాసనే రావట్లేదు?" ఇంకాసేపు ఆగింది. పలక తీయించింది. ఆ చప్పుడుకి సెల్సా నిద్రపోయిన పిల్లతోనే పెరట్లోకి వచ్చింది. ముందు వరస ఫరవాలేదు, కాస్త రంగు తిరిగింది. మధ్యవి పాలిపోయి ఉన్నాయి. పార ఇంకా లోపలికి తోసి బయటికి లాగితే మొసలి వచ్చింది. తెల్లగా, పచ్చిగా, నేలకి అంటుకుపోయినట్టు చప్పబడి ఉంది. మెడ దగ్గర అడ్డంగా పగిలింది. ఒక కన్ను రాలిపోయింది.

దెర్లిస్ పొయ్యి వెనక్కి వెళ్ళి చూశాడు. "ఇటుక గోడ మీదే ఉంది! పిన్నీ, కన్నం మూయలేదా? వేడంతా పెత్రోనా అత్త ఇంటికి పంపించావే!" పగలబడి నవ్వాడు. "కురెపీ పిన్నికి గ్యాస్ పొయ్యి స్విచ్చొకటే తెలుసు!"

గోడవతల పెత్రోనా కూడా నవ్వింది. మిర్తా నవ్వలేదు. పారమీద మొసలిని చూసి, "పర్లేదు పిన్నీ, ఏముందిప్పుడు" అంది. అని, పిల్లని సెల్సా చేతుల్లోంచి నెమ్మదిగా తీసుకుంది. నిమియా మొసలిని ఆకు మీదికి జార్చి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది. వంగి కట్టెలు పేర్చడం మొదలుపెట్టింది, మళ్ళీ పొయ్యి రాజేయడానికి.

సెల్సా అక్కడే నిలబడింది. చేతుల్లో పిల్ల బరువు ఇంకా ఉన్నట్టే ఉంది. పుట్టి బుద్ధెరిగాక తను మరిచిపోని పని ఈ ఇంట్లో ఏదైనా ఉందంటే అదొక్కటే. మరి మరిచిపోయింది. మరిచింది చెయ్యా, మనసా? పసిపిల్ల బొమ్మ మీద తనకి కుళ్ళా? ఛీ! అనుకుంది. కానీ ఆ 'ఛీ' గట్టిగా రాలేదు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నిమియా ఒక్కతే పొయ్యి దగ్గర రెండో వాయి చూస్తోంది. ఈసారి ఇటుక ఆమే పెట్టుకుంది. సెల్సా వెళ్ళి పక్కన నిలబడింది.

"అక్కా, లాండ్రీ నుంచి ఫోనొచ్చింది. పండగ బట్టలు కుప్పపడిపోయాయట. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను."

నిమియా తిరిగి చూసింది. మొహం నిప్పు సెగకి ఎర్రగా ఉంది. "ఇవాళా? రేపు గురువారమే! రేపటి పండగ భోజనం కూడా తినకుండా పోతావా? ఎవరైనా నవ్విపోతారు!"

"ఏం చెయ్యనక్కా. పని."

"ఇటుక సంగతేనా?"

"ఛ, కాదు. నిజంగా."

"ఎప్పుడూ ఇంతే నువ్వు. రావడం, పరిగెత్తడం. నువ్వు లేకపోతే ఆ ఊరు ఆగిపోతుందా?" అక్క గొంతు ఒక్కసారి తగ్గింది. "ఆదివారం దాకా ఉండవే. నేనేమన్నానని?"

ఆ ఊరు ఆగదు. ఈ ఇల్లూ ఆగలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడైనా చెప్పెయ్యొచ్చు. లాండ్రీ లేదక్కా, పెద్దాయన మూసేశాడు, నాకక్కడ ఎవరూ లేరు, ఒక అద్దెగది, అందులో ఒక మంచం. కానీ ఆమెకి పసుపు రంగు గోడ కనిపించింది, అందులో ఉయ్యాల కనిపించింది. ఆ ఉయ్యాల తీయించి తను పడుకోవాలా? "పని ఉందక్కా" అంది మళ్ళీ.

నిమియా ఇంకేమీ అడగలేదు. ఈ అక్కచెల్లెళ్ళిద్దరూ అంతే. ఒకరు ఒక్కసారే అడుగుతారు, ఇంకొకరు ఒక్కసారి కూడా అడగరు.

సాయంత్రం నిమియా రెండో వాయి ఉంగరాలన్నీ తాళ్ళకి గుచ్చి గదిలోకి తెచ్చింది. బంగారు రంగులో నవనవలాడుతున్నాయి. "లాండ్రీలో అందరికీ ఇవ్వు. ఆ బొలీవియా పిల్ల పోయినసారి రెండు తినేసి మళ్ళీ అడిగిందన్నావుగా, దానికి వేరేగా కట్టాను. మీ పెద్దాయనకి పళ్ళు లేవంటావు, ఆయనకి మెత్తవి."

"ఇన్నెందుకక్కా?"

"నలుగురిలో నీ పరువు ఉండద్దూ? బ్యాగు తియ్యి." గుచ్చిన తాడు సగమే బ్యాగులోకి పట్టింది. "ఆ బూట్లు తీసి చేత్తో పట్టుకోవే, రొట్టెలు నలిగిపోతాయి. ఉండు, పైన కప్పడానికి ఆకు తెస్తాను" అని పెరట్లోకి వెళ్ళింది.

సెల్సా మోకాళ్ళ మీద కూర్చుంది. తువ్వాలు చుట్టిన మూటని బ్యాగులోంచి తీసింది. రొట్టెలు ఉంచి దీన్ని తీయాలా, దీన్ని ఉంచి రొట్టెలు తీయాలా అన్నది ఆలోచించాల్సిన పనే కాదు. అక్క పొద్దున్నుంచీ కాల్చిన రొట్టెలు. ఇప్పుడు ఎవరూ లేని లాండ్రీకి, మూసిన షట్టరుకి, అవి వెళ్ళాలి. తువ్వాలు విప్పి రొట్టెల చుట్టూ సర్దింది, నలగకుండా. ఇస్త్రీపెట్టెని మడతమంచం కిందికి, గోడదాకా తోసింది.

దెర్లిస్ బయట హారన్ కొడుతున్నాడు. గేటు దగ్గర మిర్తా పిల్ల చెయ్యి పట్టి ఊపించింది. సెల్సా ఒంగి ఆ చిన్న పిడికిలిని ముద్దు పెట్టుకుంది. అక్కని కౌగిలించుకుంది. నిమియా జుట్టులో పొగ వాసన, సోంపు వాసన. అచ్చం అమ్మదే.

"ఆగు ఆగు" అంటూ నిమియా ఆప్రాన్ జేబులోంచి ఆకులో చుట్టినదేదో తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "ఇది నువ్వు తీసుకో. పిల్లకి ఎలాగూ పళ్ళు లేవు. మెడ దగ్గర పగిలింది కానీ మళ్ళీ కాల్చాను, లోపల ఉడికింది."

ఆకు మడత విప్పకుండానే సెల్సాకి తెలిసింది. తోక తగిలింది వేలికి. ఈసారి వంకర తిరిగి ఉంది. విరిగింది కాబట్టి తిరిగిందో, అక్కే తిప్పిందో.

పందెం ప్రకారం ఇప్పుడు అడగాలి. సెల్సా నోరు తెరిచింది.

"ఏంటే?" అంది నిమియా. కళ్ళు చెల్లెలి మొహం మీదే ఉన్నాయి.

"పిన్నీ, బస్సెళ్ళిపోతుంది!" దెర్లిస్ మళ్ళీ హారన్ కొట్టాడు.

"ఏం లేదక్కా. ఒళ్ళు జాగ్రత్త."

"ఊఁ. నువ్వూను."

బస్సు నగరం దాటి వంతెన ఎక్కేసరికి నది మీద ఎండ పచ్చబడింది. సెల్సా కిటికీ పక్కన కూర్చుంది. పక్కసీటాయన "పండగ ముందు ఎక్కడికి వెళ్ళిపోతున్నారండీ?" అని అడిగాడు. "ఇంటికి" అనబోయింది. ఏ ఇల్లో తేలక ఊరుకుంది. ఒళ్ళో ఆకుపొట్లం ఇంకా వెచ్చగా ఉంది. విప్పి చూసింది. ఒంటికన్ను మొసలి నోరు తెరుచుకుని ఉంది. తిందామని దగ్గరకి తీసుకుని, మళ్ళీ మూసేసింది. పాదాలు అప్పుడే చెప్పుల్లో బిగుసుకుంటున్నాయి.

పండగ వెళ్ళాక దెర్లిస్ రంగుడబ్బా తెస్తాడు. మడతమంచం తీస్తారు. అక్క చీపురు పట్టుకుని వంగుతుంది. బ్యాగులో మోసుకొచ్చింది బూట్లు కావని ఒక్క చూపులో తెలుస్తుంది అక్కకి. తెలిశాక నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపు అలా నిలబడిపోతుందో. అప్పుడు ఫోను చేస్తుందా? చేస్తే ఏమంటుంది? సెల్సా అద్దానికి నుదురు ఆనించింది. చెయ్యాలి అక్కా, అనుకుంది. నేను అడగలేను. నువ్వే చెయ్యాలి.

సహోనియాలో ఆ గదిలో దీపం ఇంకా వెలిగించలేదు. మడతమంచం కింద, గోడవారన, ఇస్త్రీపెట్టె మడమ మీద నిలబడి ఉంది. నల్లటి తీగ అరిగిన పిడి చుట్టూ సమంగా చుట్టి ఉంది, రోజూ పని ముగిశాక చుట్టి పెట్టినట్టే.